తోలుబొమ్మలాట నుంచి ఒంటరి కథకు: నా అనుభవం

బొమ్మలాట వదిలి ఒక్కరే నిలబడి కథ చెప్పాలనుకునేవాళ్ళు చాలామంది గొంతు గురించే దిగులు పడతారు. రాత్రంతా హార్మోనియం, మద్దెల మోతను దాటి పలికిన గొంతుకు గంటసేపటి కథ ఒక లెక్కా? అసలు తంటా తెరతో. పాత్ర రావడం, పోవడం, ఎవరు ఎటున్నారో చూపడం, మాట లేనప్పుడు కూడా చూసేందుకు ఏదో ఒకటి ఉంచడం, ఇవన్నీ తెరే చేసిపెడుతుంది. అది లేకపోతే మన ఒంటిమీద పడతాయి. నేను ఎక్కువ సాధన చేసింది వీటిమీదే.

మొదట కథ కోసుకోవాలి. బొమ్మలాటలో రామాయణం రాత్రుల తరబడి సాగుతుంది, వేదికమీద 50 నిమిషాలు దాటితే జనం కదులుతారు. రామాయణమంతా కుదించే పని పెట్టుకోవద్దు. హనుమంతుడు అశోకవనం చేరిన దగ్గర్నుంచి సీతకు ఉంగరం ఇచ్చేదాకా తీసుకుంటే చాలు, ముఖ్యంగా మాట్లాడేది ముగ్గురే. రంగనాథ రామాయణం ద్విపదలు, అంటే రెండేసి పాదాల పద్యాలు, మేళంలో (బొమ్మలాట బృందంలో) ఎన్నైనా పాడతాం, వంతవాళ్ళు అందుకున్నప్పుడల్లా ఊపిరి తీసుకుంటాం కాబట్టి. ఒంటరిగా ఆ సందు దొరకదు. నాలుగు ద్విపదలు, వెంటనే కొంత వచనం, మళ్ళీ రెండు ద్విపదలు. ఈ కొలత నాకు కుదిరింది. శ్రుతి కూడా దించాలి. నాలుగులో పాడేవాళ్ళు రెండున్నరకు వస్తే పాటలోంచి మాటలోకి దిగడం తెలియదు.

ఇక తల తిప్పడం. మన బొమ్మలు ఎక్కువగా పక్కచూపువే. ఎదురెదురుగా నిలబెడితే తెరమీద నిండుగా ఉంటుంది. ఆ అలవాటుతో మనమూ సంభాషణలో పూర్తిగా పక్కకు తిరిగిపోతాం, సగం హాలుకు చెవి తప్ప ముఖం కనపడదు. నడిమి నుంచి ఒక్కోవైపు 30 డిగ్రీలు చాలు. ఆపైన చూపు ఎంత ఎత్తులో ఉండాలన్నది. సీత చెట్టుకింద కూర్చుంది కనుక రావణుడి చూపు కుడివైపు మూడో వరస వాళ్ళ మోకాళ్ళమీద పడాలి. సీత అతని ముఖం చూడదు, గడ్డిపోచ అడ్డం పెట్టుకుని మాట్లాడుతుంది. ఆమె చూపు ఎడమవైపు, వేదిక అంచు దగ్గర నేలమీద. హనుమంతుడు కొమ్మమీద నుంచి మెడ వంచి చూస్తాడు. ఈ మూడూ ఒకసారి కుదిరాక గొంతు అంతగా మార్చక్కర్లేదు. మేళంలో సీతకు ఆడమనిషి గొంతే ఉంటుంది. మగవాడు ఎదుట నిలబడి సన్నగొంతు పెడితే నవ్వొస్తుంది. వేగం తగ్గించి, మాట చివర కాస్త ఊపిరి వదిలితే సరిపోతుంది.

చేతులది వేరే గోల. తెరమీద ఎవరు మాట్లాడుతున్నారో తెలియడానికి ఆ బొమ్మ చెయ్యి ఆడిస్తాం. బొమ్మను ఆడించే బద్ద పట్టిన చెయ్యి వేదికమీద కూడా మాటమాటకూ లేస్తుంది. సాధనలో ఉత్తరీయం కొసలు రెండు చేతులా పట్టుకుని ఘట్టమంతా వదలకుండా చెప్పాలి. ఎక్కడ వదలక తప్పలేదో అక్కడే చెయ్యి అవసరం. కాలూ అంతే. తెర వెనక చప్పుడు కోసం చెక్కలు తొక్కిన కాలు ఊరుకోదు, బోలు వేదికైతే ఆ చప్పుడు మైకులోకి వెళ్ళి మాటను మింగేస్తుంది. రావణుడు వచ్చేటప్పటి నాలుగడుగులకు దాన్ని దాచుకోవాలి. మైకు గడ్డం కింద జానెడు దూరంలో తగిలించి, మేళంలో పెట్టే కేకలో సగం పెడితే చాలు.

బొమ్మలాటలో నవ్వించే పాత్రలు కేతిగాడు, బంగారక్కల సరసం యథాతథంగా తేవద్దు. బొమ్మ ఆ మాట అంటే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకునే నవ్వేవాళ్ళు, అదే మాట మనిషి నోట వింటే ముఖం తిప్పుకుంటారు. కేతిగాడి వెటకారం మాత్రం ఉంచాలి, అదీ కథకుడి మాటగా. లంకలో కాపలావాళ్ళ నిద్రమీద, రావణుడి ముస్తాబుమీద అలా రెండు ముక్కలు విసిరితే కథకు ఊపు వస్తుంది.

ఒక బొమ్మనైనా వెంట ఉంచుకోవాలనిపిస్తే వెలుగు సంగతి చూసుకోండి. ముందునుంచి దీపం పడితే ఎంత మంచి మేకతోలు బొమ్మయినా మట్టిరంగు అట్టలా కనిపిస్తుంది. రంగు, చిల్లులు పలకాలంటే వెలుగు వెనకనుంచే రావాలి. తోలుబొమ్మలు చేసే ఊరు నిమ్మలకుంటలో అదే తోలుతో దీపాలకు తొడుగులు చేస్తున్నది ఆ గుణం చూసే. నాలుగైదడుగుల బొమ్మ వద్దు, మనిషిని కప్పేస్తుంది. అడుగున్నర బొమ్మ, దాని వెనక పలచని ఎల్‌ఈడీ పలక. హాలోజన్ దీపం దగ్గర పెడితే వేడికి తోలు ముడుచుకుని అంచులు లేస్తాయి. ఆట అయ్యాక చుట్టకుండా రెండు అట్టల మధ్య పరిచి కట్టాలి.