హాజరును పాటగా పిలిచిన తరగతి

మా ప్రాథమిక పాఠశాలలో సంగీతానికి ప్రత్యేకంగా ఉపాధ్యాయులు లేరు, పీరియడూ లేదు. ఉన్న ఒక్క హార్మోనియం పెద్దసారు గదిలోని బీరువాలో ఉండి, పంద్రాగస్టుకూ జనవరి 26కూ మాత్రమే బయటికి వచ్చేది. అయినా నల్లగొండలో లతీఫ్ సాహెబ్ గుట్ట కనిపించే ఆ బడిలో చదివిన మాలో చాలామందికి ఎవరైనా శ్రుతి తప్పితే చెవి వెంటనే పట్టేస్తుంది. రెండో తరగతిలో టీచరమ్మ ఆడించిన పాటల ఆటలే అందుకు కారణమని, ఇప్పుడు మిర్యాలగూడలో చిన్నపిల్లలకు సంగీతం చెబుతున్న నేను గట్టిగా నమ్ముతాను.

ఆమె హాజరు పిలిచేటప్పుడు పేర్లను పాడేవారు. ఉన్నవి రెండే స్వరాలు; పంచమం (ప) మీద ఎత్తుకొని, దానికి కిందనున్న అంతర గాంధారం (గ) మీద దించేవారు. పేరు వచ్చినవాళ్ళు అదే వరుసలో "ఉన్నా టీచర్" అని బదులు పాడాలి. మా బెంచీలో ఒక పిల్లగాడు ఎప్పుడూ కింది గొంతుతో, మాట్లాడినట్టే బదులిచ్చేవాడు. మేము నవ్వబోతే ఆమె కళ్ళతోనే ఆపేవారు. కొన్నాళ్ళకు ఆమే అతని దగ్గరికి దిగివచ్చి, అతని గొంతు ఎక్కడ నిలుస్తుందో ఆ స్థాయిలోనే పేరు పిలిచారు. తన గొంతూ టీచరమ్మ గొంతూ ఒక్కటై మోగడం విన్నప్పుడు వాడి ముఖంలో కనిపించిన ఆశ్చర్యం నాకు ఇంకా గుర్తుంది. ఆ తరువాత పిలుపును రోజురోజుకూ కాస్త కాస్త పైకి జరుపుతూ పోయారు. దసరా సెలవుల నాటికి వాడు మాతోపాటే పాడుతున్నాడు. "నీకు పాట రాదు" అన్న మాట ఆ తరగతిలో ఎవరూ ఎవరినీ అనలేదు.

చెమ్మచెక్క ఆడేటప్పుడు ఆమె ఉన్నట్టుండి పెదవులపై వేలు పెట్టేవారు. చప్పట్లు ఆగకూడదు, పాట మాత్రం మనసులోనే సాగాలి. వేలు తీయగానే అందరూ ఒకే మాట దగ్గర గొంతు కలపాలి. మొదట్లో ఒకరు ముందుకు ఉరికేవారు, ఒకరు వెనకబడేవారు, పెద్ద గోల అయ్యేది. బయటికి వినపడని స్వరాన్ని లోపల వినగలగడమే సంగీతపు చెవికి అసలు పునాది కాబట్టి, ఆమె ఆటలన్నింటిలోనూ దీనికే నేను పెద్దపీట వేస్తాను. వీరివీరి గుమ్మడిపండులోనూ ఆమె చిన్న మార్పు చేశారు: కళ్ళు మూసుకున్నవారి ఎదుట ఒకరు ఒక్క చరణం పాడితే, అది ఎవరి గొంతో చెప్పాలి. బతుకమ్మ రోజుల్లో ఇదంతా మాకు అక్కరకు వచ్చేది. ముందు పాడే పెద్దమ్మ ఎంత పైకి ఎత్తుకున్నా, "ఉయ్యాలో" అని అందుకునే మా చెవి ఆ స్థాయిని వెతికి పట్టుకునేది.

హంగరీ సంగీతకారుడు జోల్తాన్ కొదాయ్ (1882–1967) బోధనా పద్ధతి గురించి చాలా ఏళ్ళ తరువాత చదివాను. మాతృభాషలోని జానపద గీతాలతో, పాటల ఆటలతో చెవిని తయారుచేయాలన్నది ఆయన మాట. పిల్లలకు సులువుగా పలికే ఆ దిగే రెండు స్వరాలే అక్కడా తొలి పాఠం. ఆయన పద్ధతితో జానపద సంగీత వారసత్వాన్ని కాపాడుతున్న తీరును యునెస్కో 2016లో ఆదర్శప్రాయమైనదిగా గుర్తించింది. మా టీచరమ్మ ఆయన పేరు విన్నారో లేదో నాకు తెలియదు. మన సంప్రదాయంలో పురందరదాసు పెట్టారని చెప్పే సరళీ వరుసలు, అంటే కర్ణాటక సంగీతంలో తొలి స్వర పాఠాలు, మాయామాళవగౌళ రాగంలో మొదలవుతాయి. అందులో షడ్జమానికీ (స) శుద్ధ రిషభానికీ (రి) దూరం చాలా తక్కువ. ఆ తేడా ఐదేళ్ళ గొంతుకు ఒక పట్టాన చిక్కదు. అందుకే నా దగ్గరికి వచ్చే పిల్లలకు ముందు ఆటలే, సరళీ ఆ తరువాతే. కొందరు తల్లిదండ్రులు దీనికి నొచ్చుకుంటారు, నిజమే.

మా బడి కోసం తెస్తున్న ఈ సంచిక సందర్భంగా పూర్వ విద్యార్థులం కలిసి బడికి పెద్ద స్పీకర్లు కొనిద్దామన్న ఆలోచన వచ్చింది. ప్రార్థనకు అవి సరే. ఒకటి, రెండు తరగతుల గదుల్లో మాత్రం వద్దని నా మనవి. స్పీకరులో గేయం మోగుతుంటే పిల్లలు దానిని మించి అరుస్తారు, పక్కవాడి గొంతు ఎవరికీ వినిపించదు. పైగా రికార్డులోని గొంతు పిల్లవాడి స్థాయికి దిగిరాదు. ఆ సొమ్ములో కొంత పెట్టి పాటకు ఆధార స్వరాన్ని ఆగకుండా వినిపించే ఒక్క శ్రుతిపెట్టె కొని, దానిని బీరువాలో కాక టీచరు బల్ల మీద ఉంచితే చాలు.