ఒక్కడివేనా?

"కృష్ణ ఒడ్డున ఒక్కడినే కూర్చుని సాధన చేసేవాడినని ప్రతి ఇంటర్వ్యూలో చెప్తావు. ఒక్కడివేనా?"

ఇవాళ రవీంద్రభారతిలో కచేరీ అయ్యాక గ్రీన్‌రూమ్‌లో అడిగేశాను. శాలువాలు, పూలదండలు, చుట్టూ సెల్ఫీల జనం. నన్ను చూసి గుర్తుపట్టాడు. నవ్వబోయి ఆగిపోయాడు.

విజయవాడలో ఆ మెట్ల మీద పక్కన శ్రుతిపెట్టె పట్టుకుని కూర్చున్నది నేను. కల్యాణి రాగంలో మధ్యమ స్వరం దగ్గర గొంతు జారినప్పుడల్లా ఆపి, మళ్లీ మొదటి నుంచి పాడించిందీ నేనే. డిసెంబర్ సీజన్ కచేరీలు విని వస్తానని చెన్నై వెళ్లాడు. తర్వాత టీవీలోనే చూశాను.

"నీ పేరు చెప్తే మీ ఇంట్లో ఇబ్బంది అవుతుందేమోనని..." అన్నాడు మెల్లగా.

"పేరు వద్దు. ఒక్కడినే అనకు, చాలు" అన్నాను. గొంతు వణికింది, అయినా అనగలిగాను.

వదిలి వెళ్లినందుకు ఎప్పుడో ఏడ్చి ఊరుకున్నాను. ఆ వయసులో అందరూ ఎటో ఒకవైపు వెళ్తారు. కానీ నేనసలు లేనే లేనట్టు చెప్పడం, అది విన్న ప్రతిసారీ కొత్తగా నొప్పే. అవి నా జీవితంలోని సాయంత్రాలు కూడా కదా!

ఇవాళ కల్యాణి మాత్రం ఎంత బాగా పాడాడో. ఆలాపనలో మధ్యమం మీద నిలబడినప్పుడు అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే. కోపం, గర్వం రెండూ ఒకేసారి ఉంటాయని తెలియదు నాకు.

ఒక్క ఉత్తరమైనా ఎందుకు రాయలేదో అడగాలనుకున్నాను. ఇంతలో ఎవరో ఫొటోకి పిలిచారు. మళ్లీ కనిపిస్తే అదీ అడుగుతాను.