మేనల్లుడి బండి, కోన్ సెట్

ఆదివారం కాబట్టి మధ్యాహ్నం దాకానే మెకానిక్ షాపు. పొద్దున షట్టరెత్తి పటానికి అగరుబత్తి వెలిగిస్తుంటే మా అక్క కొడుకు వచ్చి బండికి స్టాండు వేశాడు. రోజూ సందు మొదట్లోంచే హారన్ మోగించుకుంటూ వచ్చేవాడు ఇవాళ చప్పుడు లేకుండా వచ్చాడంటే ఏదో ఉందనుకున్నా.

"మామయ్యా, హ్యాండిల్ పట్టేస్తోంది. మొన్న కరకట్ట మీద గుంతలో పడింది."

200 సీసీ బండి. కొని పద్నాలుగు నెలలు. అక్క చీటీ పాడి ముందు డబ్బు కట్టింది, మిగతాది నెలనెలా కడుతోంది. పదకొండు వేల కిలోమీటర్లు తిరిగింది. ఆ మాత్రానికి హ్యాండిల్ పట్టెయ్యకూడదు.

ఇంజను కింద జాకీ పెట్టి ముందు చక్రం నేల వదిలేలా ఎత్తాను. ఒక్క వేలితో హ్యాండిల్ తోశాను. సరిగ్గా మధ్యకి రాగానే టక్కుమని గాడిలో పడ్డట్టు ఆగింది. ఇంకాస్త బలంగా తోస్తేగానీ అక్కణ్నించి కదల్లేదు. షాకబ్జర్ పైపు మీద బొటనవేలు పెట్టి తుడిస్తే ఆయిలు, దానికి అంటుకున్న దుమ్ము. రెండువైపులా అంతే. గుంతలో పడిన బండికి ముందు రిమ్ముకి చొట్ట కనిపించాలి. చక్రం తిప్పి చూశాను. అంచున చిన్న గీత కూడా లేదు.

"ఏబీఎస్ లైటు ఏమన్నా వెలుగుతోందా?" అన్నాను.

వాడి మొహంలో రంగు మారింది. "అప్పుడప్పుడు మామయ్యా. ఆపి మళ్లీ స్టార్ట్ చేసి కొంచెం దూరం వెళ్తే ఆరిపోతోంది."

ఇక అడగక్కర్లేదు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ ఏబీఎస్, అంటే బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, ఉండాల్సిందే. వీడి బండికి రెండు చక్రాల దగ్గరా సెన్సార్లున్నాయి. వెనక చక్రం జోరుగా తిరుగుతూ ముందు చక్రం గాల్లో నెమ్మదిస్తే లోపలున్న కంప్యూటర్ తికమకపడుతుంది, సెన్సార్ పాడయిందనుకుని లైటు వేస్తుంది. ఈ బళ్లు ఏం చేసొచ్చాయో అవే చెప్పేస్తాయి.

"ముందు చక్రం ఎన్నాళ్ల నుంచి లేపుతున్నావు రా?"

చాలాసేపు నేల చూసి, "నాలుగు నెలలు" అన్నాడు.

నాకు కోపం వచ్చింది, కానీ అలా చక్రం లేపి వీలీ కొట్టినందుకు కాదు. అబద్ధం చెప్పినందుకు కొంచెం, రోడ్డు మీద కొట్టినందుకు ఎక్కువ. కరకట్ట మీద పిల్లలు సైకిళ్ల మీద వెళ్తుంటారు, పాలవాళ్లు వస్తుంటారు. పోలీసులు పట్టుకుంటే మోటారు వాహనాల చట్టం 184 సెక్షన్, మొదటిసారికే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు పడొచ్చు. ఇవన్నీ వాడికి తెలుసు. ఒక్కసారే చెప్పాను, సాగదీయలేదు.

నేనూ ఇరవయ్యో ఏట ఆ పిచ్చిలో ఉన్నవాణ్నే. 1999లో నా చేతిలో పాత ఆర్‌ఎక్స్ 100 ఉండేది. 98 సీసీ, 11 గుర్రాల బలం, చాలా తేలిక బండి. మొదటి గేర్లో రేజ్ చేసి క్లచ్ వదిలితే చాలు, ముందు చక్రం దానంతటదే లేచేది. ఆ లేచిన క్షణంలో ఒంట్లో ఏమవుతుందో లేపినవాడికే తెలుస్తుంది. అది తప్పని వాడితో అనలేను. అంటే వాడు నమ్మడు.

టీ చెప్పి బండి విప్పడం మొదలుపెట్టాం. వాడి చేతే విప్పించాను. హెడ్‌లైటు, హ్యాండిల్, ముందు చక్రం, రెండు షాక్‌లు, ఆఖర్న కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే మెడ దగ్గరి కప్పులూ బాల్సూ, దాని నట్టు. కింది కప్పు డీజిల్‌తో కడిగి గుడ్డతో తుడిచి వాడి అరచేతిలో పెట్టాను. గోటితో గీస్తూ తిప్పమన్నాను. గోరు వరసగా గుంటల్లో దిగుతూ లేస్తూ పోయింది. ముందువైపూ వెనకవైపూ లోతుగా, పక్కలకి వచ్చేసరికి లేనట్టుగా. ఒక్కో గుంట ఒక్కో బాలు దిగబడ్డ చోటు. హ్యాండిల్ తిన్నగా ఉన్నప్పుడు ఏ బాలు ఎక్కడుంటుందో అక్కడే. అందుకే మధ్యకి రాగానే బాల్సన్నీ ఒక్కసారి ఆ గుంటల్లోకి జారి కూర్చుంటున్నాయి, హ్యాండిల్ పట్టేస్తోంది.

"ఇది గుంత చేసిందా, నువ్వు చేశావా?"

"నేనే మామయ్యా."

ఇలాంటి బళ్లకి ముందు షాక్ లోపలికి దిగేది 120, 130 మిల్లీమీటర్లు. నడుమెత్తు నుంచి చక్రం ధన్‌మని పడితే ఆ కాస్తా ఒక్క దెబ్బకి అయిపోతుంది. మిగిలిన దెబ్బంతా తిన్నగా కోన్ సెట్‌కి, ఫ్రేముకి, దించేవాడి మణికట్టుకి. నాలుగు నెలల్లో అలా ఎన్నిసార్లు పడిందో ఆ గుంటల లోతు చూస్తే తెలిసిపోతోంది.

టీ తాగుతూ లేపే పద్ధతి అడిగాను. క్లచ్‌తోనే లేపుతాడట. 200 సీసీకి అంతకంటే దారి లేదు మరి. చక్రం లేవాలంటే వెనక టైరు నేలని తోసే బలం దాదాపు బండీ మనిషీ కలిసిన బరువంత ఉండాలి. మొదటి గేర్లో పూర్తిగా తిప్పినా ఈ ఇంజను దగ్గరదాకా వస్తుందిగానీ అందుకోలేదు. అందుకని రెండు వేళ్లతో క్లచ్ నొక్కి, రేజ్ పెంచి, తిరుగుతున్న ఇంజను ఊపునంతా ఒక్కసారి చక్రం మీదికి వదలాలి. ఆ కుదుపుని మోసేవి క్లచ్ ప్లేట్లు, చైను, వెనక హబ్‌లో రబ్బర్లు. వెనక చక్రం విప్పితే రబ్బర్లు అంచులు నలిగి నల్ల పొడి రాల్చాయి. చైను తిప్పితే ఒక చోట బిగువు, నాలుగంగుళాలు పోగానే వదులు. సాగడం కూడా సమంగా సాగలేదు పాపం. క్లచ్ ఇప్పుడే విప్పలేదు. టాప్ గేర్లో రేజ్ పెరిగి స్పీడు పెరగకపోతే అప్పుడు చూద్దామన్నాను.

ఎయిర్ ఫిల్టర్ తీసినప్పుడు మాత్రం గుండె కలుక్కుమంది. అడుగంతా ఆయిలు తడి. ఇంజనులో ఉండేదే లీటరు, కొంచెం అటూఇటూ. బండి నిట్టనిలువుగా లేస్తే అదంతా వెనక్కి జారుతుంది. ఇంజను లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ గొట్టంలోంచి కొంత ఫిల్టర్ పెట్టెలోకి పోతుంది. మిగిలింది పంపు పీల్చుకునే చోటుకి అందకపోతే పంపు గాలిని లాగుతుంది. అప్పుడు ముందు ఎండేది అన్నిటికన్నా పైనుండి వాల్వులు తెరిచే క్యామ్. స్టంట్ చేసేవాళ్లు దీనికే ఆయిల్ కొంచెం ఎక్కువ పోస్తారు. కానీ రోజూ కాలేజీకి వెళ్లే బండికి అలా పోస్తే ఆ ఎక్కువే మళ్లీ ఫిల్టర్లోకి వస్తుంది. నా ఆర్‌ఎక్స్‌కి ఈ బాధ లేదు. టూ స్ట్రోక్ కదా, పెట్రోలుతో పాటే ఆయిలూ లోపలికి పోయేది. నేను నేర్చుకున్న బండి, వీడు నేర్చుకుంటున్న బండి ఒకటి కావు. ఆ మాట నేను వీడికి ఎప్పుడో చెప్పి ఉండాల్సింది. పొద్దున్నుంచీ నా మనసులో నలుగుతున్నది ఇదే.

"మరి అంతంతసేపు లేపి పెట్టేవాళ్ల బళ్లేమవుతాయి మామయ్యా?" అన్నాడు.

డగ్ డొమోకోస్ సంగతి చెప్పాను. అమెరికాలో, అలబామాలోని టాలడేగా రేసు ట్రాక్ మీద 1984లో 145 మైళ్లు, అంటే 233 కిలోమీటర్లు, ముందు చక్రం దించకుండా వెళ్లాడు. 1991లో జపాన్‌లో యసుయుకి కుడో అనే ఆయన 331 కిలోమీటర్లు వెళ్లాడు, అదీ రాళ్లూ గుట్టలూ ఎక్కే పోటీలకి వాడే 220 సీసీ ట్రయల్స్ బండి మీద. బలంతో అయ్యే పని కాదది. ఒక ఎత్తు దాటాక బరువంతా వెనక టైరు నేలని తాకే చోటుకి తిన్నగా పైకి వస్తుంది. అక్కడ యాక్సిలేటర్‌ది వెంట్రుకవాసి పని. వెనక్కి పడబోతే కాపాడేది కుడికాలి కింద బ్రేకు. తొక్కెయ్యకూడదు, తాకించాలి.

"నీ కుడికాలు ఎక్కడుంటుంది, లేపినప్పుడు?"

"ఫుట్‌రెస్ట్ మీద."

అందుకే భయం. ఇంకొంచెం లేస్తే వెనక్కి పడతానని భయం వేసి యాక్సిలేటర్ టక్కున మూసేస్తున్నాడు. ఇంజనే బ్రేకులా పట్టి లాగుతుంది, ముందు చక్రం రాయిలా పడుతుంది. కాలి కింద బ్రేకుందన్న ధైర్యముంటే చెయ్యి అంత కంగారుపడదు. చక్రం దిగుతున్నప్పుడు కూడా యాక్సిలేటర్ కొంచెం తెరిచే ఉంచి, హ్యాండిల్ తిన్నగా పెట్టి, నెమ్మదిగా నేలకి అందించాలి. వంకరగా దిగితే హ్యాండిల్ రెండువైపులా కొట్టుకుని మనిషిని విసిరేస్తుంది.

కొత్త కోన్ సెట్, ఆయిల్ సీళ్లు, ఫోర్క్ ఆయిల్, హబ్ రబ్బర్లు. అన్నీ కలిపి రెండు వేల చిల్లర. బిల్లు వాడి చేతే రాయించాను. కొత్త కప్పు మీద పాత కప్పు బోర్లించి సుత్తితో చుట్టూ సమంగా కొడుతూ దించాం. గ్రీజు నిండుగా పెట్టి బాల్స్ పేర్చాం. నట్టు బిగించేటప్పుడు మాత్రం పానా వాడికివ్వలేదు. మరీ బిగిస్తే హ్యాండిల్ మొరాయిస్తుంది, వదులైతే బ్రేకు వేసినప్పుడల్లా కొట్టుకుంటుంది. లోపల లొడలొడలాడే ఆట పూర్తిగా పోవాలి, వదిలితే హ్యాండిల్ తన బరువుకే పక్కకి వాలాలి. అది చేతికి తెలియాలిగానీ మాటల్లో రాదు. కొత్త కప్పులు సర్దుకుంటాయి కనక 500 కిలోమీటర్లు తిరిగాక బిగువు చూడ్డానికి తెమ్మన్నాను.

షట్టరు దించేసరికి రెండయింది. అక్క పంపిన క్యారేజీ ఇద్దరం పంచుకుని తిన్నాం. గోంగూర పప్పు, వడియాలు. అక్కకి ఫోన్ చేసి చెప్తావా అని వాడు అడగలేదు, నేనూ ఆ మాటెత్తలేదు. సాయంత్రం చల్లబడ్డాక వాడే చెప్పుకోవాలి.

నాలుగింటికి ఊరి బయట నా స్నేహితుడి లేఅవుట్‌కి వెళ్లాం. ప్లాట్లు వేసి రోడ్డు పోశారు, ఇళ్లింకా రాలేదు, గేటుకి తాళం ఉంటుంది. హెల్మెట్లు, గ్లౌజులు, బూట్లు ఇద్దరికీ. వాణ్ని చక్రం లేపనివ్వలేదు. మొదటి గేర్లో, కుడికాలి వేళ్లు బ్రేకు పెడల్ మీదే ఉంచి, యాక్సిలేటర్ తెరవడం, మూయడం. మూసినప్పుడు బండి ముక్కు ముందుకి వాలకూడదు. అరగంట అదే. మొదటి పదినిమిషాలు విసుక్కున్నాడు, తర్వాత పెదవి బిగించి తిరిగాడు.

తర్వాత బండి నేను తీసుకున్నాను. వాణ్ని రోడ్డు పక్కన అటు తిరిగి నిలబడి, హెల్మెట్ తీసి, చక్రం నేలకి తగిలిన చప్పుడు వినపడగానే చెయ్యెత్తమన్నాను. చాలా ఏళ్లయింది లేపి. క్లచ్ వదిలాను, లేచింది. పెడల్ మీద బొటనవేలు అలా తాకించాను, యాక్సిలేటర్ కొంచెం పట్టే ఉంచాను. దిగింది. ఇంకో యాభై గజాలు పోయి, తిరిగి, వాడి వెనకే వచ్చి ఆపాను.

వాడు చెయ్యెత్తకుండా అటే చూస్తూ నిలబడి ఉన్నాడు. "దిగిందా మామయ్యా?" అన్నాడు.