యోకోహామా నుంచి రెడింగ్‌కి నా ఎస్2000

హోండా ఎస్2000 యూకేలో కూడా అమ్మిన కారే, ఇప్పటికీ సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది, మరి జపాన్ నుంచి మోసుకురావడం ఎందుకని నన్ను అడగని వాళ్లు లేరు. ఎందుకంటే అది నాది, అంతే. యోకోహామాలో ఉద్యోగం చేసేటప్పుడు కొన్నాను. 2003 నవంబర్‌లో మొదటి రిజిస్ట్రేషన్, రెండు లీటర్ల ఇంజన్, టర్బో లేకుండానే 250 హార్స్ పవర్, 9000 ఆర్‌పీఎం దాకా హాయిగా తిరుగుతుంది. 2024లో ఉద్యోగం ఇంగ్లండ్‌లోని రెడింగ్‌కి మారినప్పుడు ఇంట్లో సామానంతా ఎవరికో ఒకరికి ఇచ్చేశాను గానీ కారు అమ్మడానికి మాత్రం చెయ్యి రాలేదు. "రెండు సీట్ల కారుకి ఇంత తతంగం ఏంట్రా" అని నాన్న ఫోన్లో ఒకటే గొడవ.

ఇండియాకి పంపేయొచ్చు కదా అన్నవాళ్లూ ఉన్నారు. కుదరదు. ఇండియాలోకి వాడిన కారు తేవాలంటే అది తయారై మూడేళ్లు దాటకూడదు, అదీ ముంబై పోర్టు ద్వారానే, పైగా వాడిన కార్ల మీద అప్పట్లో బేసిక్ కస్టమ్స్ డ్యూటీయే 125 శాతం, దాని మీద మళ్లీ జీఎస్టీ, సెస్. ఇరవై ఏళ్ల కారుతో ఆ ఊసే వద్దు.

యూకే సంగతి వేరు. బయటి దేశంలో కనీసం 12 నెలలు ఉండి, కారు కనీసం ఆరు నెలలుగా మన సొంతమై, మనమే వాడుతూ ఉండి, ఇప్పుడు కాపురం యూకేకి మారుస్తుంటే ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్ కింద డ్యూటీ, వ్యాట్ రెండూ మాఫీ. అది లేకపోతే మామూలుగా కారు విలువ, షిప్పింగ్ ఖర్చు కలిపి 10 శాతం డ్యూటీ, ఆ మొత్తం మీద 20 శాతం వ్యాట్, అంటే మొత్తానికి 32 శాతం. ఈ మాఫీ లేకపోతే నేను కూడా అమ్మేసి వచ్చేవాణ్ని.

ఓడ ఎక్కించడం పెద్ద పని అనుకుంటారు గానీ అది అన్నిటికంటే తేలిక, డబ్బు కడితే ఎవరో ఒకరు చేస్తారు. ప్రాణం తీసేది కాగితాల వరస. జపాన్‌లో కారుని ఎగుమతి కోసం డీరిజిస్టర్ చేయాలంటే ఓనరు ఇన్‌కాన్, అంటే వార్డు ఆఫీసులో నమోదు చేయించుకున్న ముద్ర, దానికి సర్టిఫికెట్ కావాలి. దేశం వదిలి వెళ్తున్నామని అదే వార్డు ఆఫీసులో చెప్పేస్తే ఆ ముద్ర రిజిస్ట్రేషన్ రద్దయిపోతుంది! కాబట్టి ముందు ముద్ర సర్టిఫికెట్ తీసుకుని (మూడు నెలలలోపుదే చెల్లుతుంది), ఆ తర్వాతే దేశం వదులుతున్న కాగితం ఇవ్వాలి. నాకు ఇది చెప్పింది మా ఆఫీసులో ఒకాయన. ఆయనకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

ఇంకొకటి, కారు లోన్ మీద కొని ఉంటే జపాన్ కాగితాల్లో ఓనరు ఫైనాన్స్ కంపెనీ, మనం వాడకందారు మాత్రమే. లోన్ తీర్చి పేరు మార్పించుకోకుండా డీరిజిస్టర్ చేయలేం, యూకే వాళ్లకి సొంతం అని చూపించనూ లేం. పైగా 2023 జనవరి నుంచి షాకెన్‌షో, అంటే మన ఆర్‌సీ లాంటి కాగితం, చిప్ ఉన్న చిన్న కార్డులా ఇస్తున్నారు, దాని మీద ఓనరు పేరే అచ్చు వేయరు, ఆ వివరాలు చిప్ లోపల ఉంటాయి. వివరాలన్నీ ఉండే కాగితం ఒకటి విడిగా వస్తుంది, యూకేకి పనికొచ్చేది అదే, భద్రంగా దాచుకోండి.

ప్లేట్లు ఇచ్చేశాక ఎగుమతి సర్టిఫికెట్ చేతికొచ్చింది. ప్లేట్లు లేని కారు రోడ్డెక్కదు కాబట్టి ట్రక్కు మీద దైకోకు పోర్టుకి పంపాను. దైకోకు అంటే కార్ల పిచ్చి ఉన్నవాళ్లకి తెలిసే ఉంటుంది, వారాంతం రాత్రుళ్లు కార్లన్నీ చేరే పార్కింగ్ ఏరియా అక్కడే, దాని పక్కనే కార్లు ఓడెక్కే టెర్మినల్. నేను రోరో తీసుకున్నాను, అంటే కారుని నేరుగా ఓడలోకి నడిపించి కట్టేస్తారు. కంటైనర్ కంటే చవక. కాకపోతే కారులో సొంత సామాను ఏమీ ఉండకూడదు, పెట్రోల్ అడుగున కొంచెమే ఉండాలి, సస్పెన్షన్ బాగా కిందికి దించిన కార్లకి ర్యాంపు దగ్గర ఇబ్బంది.

ఎర్ర సముద్రంలో దాడుల వల్ల ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వస్తున్న రోజులవి. అందరూ తిట్టుకుంటుంటే నాకు మాత్రం కలిసొచ్చింది, ఎందుకంటే ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్ మాఫీ కోసం పెట్టే టీఓఆర్1 అప్లికేషన్‌కి అప్రూవల్ ఓడ వచ్చేలోపే చేతిలో ఉండాలి. పాస్‌పోర్టు, జపాన్‌లో ఉన్నట్టు రుజువులు, రెడింగ్ ఇంటి అద్దె అగ్రిమెంట్, కారు వివరాలు అన్నీ అప్‌లోడ్ చేశాక ఒక రిఫరెన్స్ నంబర్ ఇస్తారు. కారు సౌతాంప్టన్‌లో దిగాక మొదటి బిల్లు చూసి గుండె ఆగినంత పనైంది: డ్యూటీ, వ్యాట్ పూర్తిగా వేసి ఉంది. క్లియరింగ్ ఏజెంటు నా టీఓఆర్ నంబర్ లేకుండానే కస్టమ్స్ డిక్లరేషన్ పెట్టేశాడు. నేను మెయిల్‌లో పంపిన నంబర్ అతని ఇన్‌బాక్స్‌లోనే ఉంది, చూడలేదంతే. మళ్లీ సవరించి పెట్టేదాకా కారు పోర్టులోనే, స్టోరేజీ చార్జీ రోజూ ఎక్కుతూనే ఉంది. ఆ చార్జీ ఎవరు కట్టాలని పెద్ద వాదనే జరిగింది, చివరికి సగం సగం. ఏజెంటుకి నంబర్ పంపితే చాలదు, డిక్లరేషన్ కాపీ పెట్టకముందే నాకు చూపించమని అడగండి. దీంతోపాటు కారు దిగిన 14 రోజుల్లోపు కారు వచ్చిందని చెప్పే నోవా అనే నోటిఫికేషన్ హెచ్ఎంఆర్‌సీకి, అంటే అక్కడి పన్నుల శాఖకి వెళ్లాలి, అది పూర్తి కానిదే డీవీఎల్ఏ, అంటే మన ఆర్‌టీఓ లాంటి ఆఫీసు, కారుని రిజిస్టర్ చేయదు.

కారులో మార్పులు తక్కువే. జపాన్‌లోనూ ఎడమ వైపే నడుపుతారు కాబట్టి హెడ్‌లైట్లు ముట్టుకోనక్కర్లేదు. పదేళ్లు దాటిన కారు కాబట్టి ఇంపోర్ట్ కార్లకి చేసే ఐవీఏ అనే ఆమోద టెస్టు కూడా లేదు, ఏటా చేయించే ఎంఓటీ ఫిట్‌నెస్ టెస్టు చాలు. వెనక ఫాగ్ ల్యాంప్ మాత్రం యూకేలో తప్పనిసరి, చాలా జపాన్ కార్లకి ఉండదు. నాదానికీ లేదు. ఒకటే పెడితే అది మధ్యలో గానీ డ్రైవర్ వైపు గానీ ఉండాలి. స్పీడోమీటర్ మైళ్లలో చూపించాలి, ఎస్2000ది డిజిటల్ కాబట్టి సిగ్నల్‌ని మార్చే చిన్న చిప్ వేయించాను. రేడియో అయితే నవ్వొస్తుంది, జపాన్ ఎఫ్ఎం 76 దగ్గర మొదలై పాత సెట్లలో 90 దగ్గరే ఆగిపోతుంది, ఇక్కడి స్టేషన్లు చాలావరకు ఆ పైనే. ఇంతవరకు మార్చలేదు, ఆ ఇంజన్ మోత ఉండగా రేడియో ఎవడికి కావాలి. టోల్‌కి వాడే ఈటీసీ పెట్టె కూడా తీయలేదు, స్టార్ట్ చేసిన ప్రతిసారీ కార్డు పెట్టలేదని ఒకావిడ జపనీస్‌లో మర్యాదగా గుర్తు చేస్తూ ఉంటుంది.

ఇన్సూరెన్స్ దగ్గర ఒక పిచ్చి సమస్య. జపాన్ మార్కెట్ కార్లకి 17 అక్షరాల విన్ (కారు గుర్తింపు నంబర్) ఉండదు, ఏపీ1 అని మొదలయ్యే పొట్టి ఛాసిస్ నంబరే ఉంటుంది. వెబ్‌సైట్లు దాన్ని తీసుకోవు. ఫోన్ చేసి, ఇంపోర్ట్ కార్లు చూసే బ్రోకర్‌ని పట్టుకోవాల్సిందే. జపాన్‌లో ఇన్నేళ్లు క్లెయిమ్ లేకుండా నడిపిన రికార్డుని లెక్కలోకి తీసుకోలేదు, ప్రీమియం మాత్రం కుర్రాడికి వేసినట్టు వేశారు.

ఆ తర్వాత రిజిస్ట్రేషన్ కోసం వీ55/5 ఫారం, 55 పౌండ్ల ఫీజు, ఎగుమతి సర్టిఫికెట్, దాని ఇంగ్లీషు అనువాదం, ఎంఓటీ, అన్నీ కలిపి స్వాన్సీలోని డీవీఎల్ఏకి పోస్టు. మొదటి రిజిస్ట్రేషన్ తేదీకి రుజువు ఉంది కాబట్టి ఆ కాలాన్ని చూపించే 53 నంబర్ ప్లేట్ వచ్చింది, రుజువు లేకపోతే వయసు తెలియని కార్లకిచ్చే క్యూ ప్లేట్ ఇస్తారు, అమ్మేటప్పుడు రేటు పడిపోతుంది. రోడ్ ట్యాక్స్ ఇంజన్ సైజు ప్రకారం, 1549 సీసీ పైన కాబట్టి 2024లో ఏడాదికి 345 పౌండ్లు పడింది. చలికాలం ఇక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, జపాన్ కార్లకి కింద తుప్పు పట్టకుండా కోటింగ్ పెద్దగా ఉండదు, అందుకే అక్టోబర్ లోపే అండర్‌సీల్ వేయించేశాను. లండన్ యూలెజ్‌లోకి, అంటే పొగ ఎక్కువ వదిలే కార్లకి రోజువారీ ఫీజు వేసే ప్రాంతంలోకి, ఉచితంగా వెళ్లాలంటే పెట్రోల్ కారు యూరో 4 కాలుష్య ప్రమాణానికి తగ్గట్టు ఉందని రుజువు ఉండాలి, నా దగ్గర లేదు కాబట్టి ఈస్ట్‌హామ్‌లో దోసె తినాలంటే దోసె డబ్బులు కాక ఇంకో 12.50 పౌండ్లు. దానికి బస్సే నయం.

జపాన్ బ్యాంకు ఖాతా వెంటనే మూసేయకండి, రీసైక్లింగ్ డిపాజిట్ (కారుని తుక్కు చేసే ఖర్చుకని ముందే కట్టించుకునేది), మిగిలిన నెలల వాహన పన్ను వెనక్కి వచ్చేది దాంట్లోకే.

టీఓఆర్ కింద తెచ్చిన కారుని 12 నెలల దాకా అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, అరువు కూడా ఇవ్వకూడదు. స్లౌలో ఉండే మా బావమరిది "బావా, ఒక్క ఆదివారం ఇస్తే చాలు" అని అడిగినప్పుడల్లా గవర్నమెంటు రూలు అని ఆ పేజీ పంపిస్తున్నాను. గడువు తీరాక ఏం చెప్పాలో ఇంకా ఆలోచించలేదు.