విజిటింగ్ కార్డుల వెనక వైపు

2021లో యాభై ఎనిమిదేళ్లకి రిటైరయ్యేనాటికి నా దగ్గర విజిటింగ్ కార్డులు రెండు పెట్టెలు మిగిలిపోయాయి. పేరు కింద 'డిప్యూటీ జనరల్ మేనేజర్' అని ఉంటుంది. అందులోంచి 'డిప్యూటీ' తీసేయించుకోవడానికే ఆఖరి తొమ్మిదేళ్లు ఒళ్లు వంచి పనిచేశాను. నాకంటే ఆరేళ్లు చిన్నవాణ్ణి బయట్నుంచి తెచ్చి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. విశాఖపట్నంలో గాజువాక వైపు ఓ ప్రైవేటు ఫ్యాక్టరీ. పేరెందుకులెండి.

శాలువా కప్పించుకుని వచ్చిన మర్నాడు ఆరింటికే స్నానం చేసి షూ వేసుకున్నాను. మా ఆవిడ కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఎక్కడికండీ?" అంది. నిజమే, ఎక్కడికి?

తర్వాత పీఎఫ్ పెన్షన్ కాగితం వచ్చింది. జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగిస్తారు. మనం ఎంత సంపాదించినా ఆ లెక్కలో జీతం 15,000 దగ్గర ఆగిపోతుంది. 1995కి ముందు చేసిన ఏళ్లకి లెక్క వేరు. అన్నీ కలిపి నా చేతికొచ్చేది నెలకి నాలుగు వేల చిల్లర. డబ్బు తక్కువని కాదు గానీ, నా కింద పనిచేసిన ఫోర్‌మన్‌కీ ఇంచుమించు అంతే వచ్చింది. అది మింగుడుపడలేదు. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా అదే నిజం.

అందుకే కన్సల్టెంటుగా చేరాను. సగం జీతం, నా మాట వినేవాడు లేడు. ఎందుకు చేశావంటే, పెళ్లిళ్లలో "ఇప్పుడేం చేస్తున్నారు?" అని ఎవరైనా అడిగితే చెప్పడానికి. రెండేళ్లు అలాగే లాగాను.

2023లో అరవై నిండాక ఒక రోజు మా ఆవిడా నేనూ డైరీ ముందేసుకుని కూర్చున్నాం. పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి 30 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో వేస్తే, అప్పటి 8.2 శాతం వడ్డీ చొప్పున మూడు నెలలకోసారి 61,500 వస్తుంది. గోపాలపట్నంలో ఇల్లు సొంతం. పిల్ల పెళ్లయిపోయింది. ఖర్చులన్నీ రాసి చూస్తే సరిపోతోంది. "మరింకెందుకా ఉద్యోగం?" అంది. నా దగ్గర జవాబు లేదు. మానేశాను.

ఉద్యోగం మానేస్తే ఆ యావ పోతుందనుకున్నాను, పోలేదు. ఫోన్లో అడుగులు లెక్కపెట్టడం మొదలెట్టాను. బీచ్ రోడ్డులో కురుసురా సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర్నుంచి బయల్దేరి, పక్కన నడిచేవాళ్లని దాటుకుంటూ పోవడం. దాటినవాళ్లని మనసులో లెక్కపెట్టుకోవడం కూడా.

ఆ ఏడాది ఆషాఢంలో సింహాచలం అప్పన్న గిరి ప్రదక్షిణకి వెళ్లాను. కొండ చుట్టూ కాలినడకన 32 కిలోమీటర్లు. భక్తి లేదని కాదు. కానీ ఏడు గంటల్లో ముగించి పాత ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టాలని ఉంది. ఏం రాయాలో కూడా ముందే అనుకున్నాను. కొండ కింద మొదటి మెట్టు, తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక, అప్పూఘర్ దాకా ఎవర్నీ చూడకుండా నడిచాను. ఇసుకతోట దగ్గర కుడి మోకాలు పట్టేసింది. రోడ్డు పక్కన కూలబడి వాచీ చూసుకుంటున్నాను. మజ్జిగ పోస్తున్న ఓ ముసలావిడ గ్లాసు చేతికిచ్చి, "ఏటి బాబూ, అంత బేగి బేగి? అప్పన్న ఎక్కడికి పోతాడేటి?" అంది.

నవ్వొచ్చింది. ఆవిడకి నేనెవరో తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. మజ్జిగ చాలకపోతే మళ్లీ పోసింది, అంతే. అక్కడే అరగంట కూర్చుని పోయేవాళ్లని చూశాను. చంకలో పిల్లనెత్తుకున్న అమ్మాయి, చెప్పుల్లేకుండా కుంటుకుంటూ ఓ పెద్దాయన, పాటలు పాడుకుంటూ కుర్రాళ్లు. వాచీ తీసి జేబులో వేసుకున్నాను. మాధవధార దాటేసరికి తెల్లారిపోయింది. మొత్తం ఎన్ని గంటలు పట్టిందో చూసుకోలేదు. గ్రూపులో ఏమీ పెట్టలేదు.

దాంతో మారిపోయానంటే అబద్ధం. మొన్న బంధువులింట్లో గృహప్రవేశానికి వెళ్తే ఒకాయన తన కొడుకు అమెరికాలో కొన్న ఇంటి ఫొటోలు చూపిస్తున్నంతసేపూ కడుపులో చిన్న మంట. కాకపోతే ఇంటికొచ్చి అన్నం తినేసరికి చల్లారింది. ఇదివరకు వారం ఉండేది. "ఏం చేస్తున్నారు?" అంటే ఇప్పుడు "ఏం లేదండీ, ఖాళీ" అంటాను. మొదట్లో ఆ మాట గొంతులోనే ఆగేది.

పొద్దున్నే కూరలకి రైతు బజారుకి వెళ్లేది నేనే. మా ఆవిడ చీటీ రాసిస్తుంది. ఆ విజిటింగ్ కార్డుల వెనక తెల్లగానే ఉంటుంది కదా, దాని మీదే రాస్తుంది. ఇవాళ్టిది: ఆనపకాయ, పచ్చిమిర్చి పావుకిలో, కొత్తిమీర రెండు కట్టలు, వంకాయలు లేతవైతేనే. ఒక పెట్టె అయిపోయింది. రెండోది మొన్న విప్పాం.