మా ఒకేషనల్ సెక్షన్‌కి ఇన్‌స్పెక్షన్ జరిగిన తీరు: నా అనుభవం

మండల కేంద్రంలో ఉన్న ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఎలక్ట్రికల్ టెక్నీషియన్ కోర్సు చెబుతాను. ఎంపీసీ, బైపీసీ, సీఈసీల పక్కన మాది చిన్న సెక్షన్. పదో తరగతిలో మార్కులు అంతంతమాత్రంగా వచ్చినవాళ్లు, ఇంట్లో తొందరగా సంపాదన మొదలుపెట్టాల్సినవాళ్లు ఎక్కువగా మా దగ్గరికి వస్తారు. జిల్లా ఇంటర్మీడియట్ విద్యాధికారి ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్షన్ కబురు రాగానే ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిపించారు. "మేడం, అన్ని గ్రూపులకీ సమాధానం చెప్పుకోగలను. మీ ఒకేషనల్ శాతమే కిందికి లాగుతోంది" అన్నారు.

అంతకుముందు మార్చిలో మా సెకండియర్ పిల్లలు 18 మందిలో 11 మంది పాసయ్యారు. 61 శాతం. ఆ ఒక్క అంకె చూసి మా సెక్షన్ పని చేయడం లేదంటే నేను ఒప్పుకోను. ఎందుకో చెప్తాను.

ఒకేషనల్‌లో ఏడాదికి 500 మార్కులు. ఇంగ్లిష్‌కి 50, జీఎఫ్‌సీకి (జనరల్ ఫౌండేషన్ కోర్సు) 50, మూడు థియరీ పేపర్లకి 150, మూడు ప్రాక్టికల్స్‌కి 150, ఆన్ ది జాబ్ ట్రైనింగ్‌కి, అంటే బయట షాపుల్లో పని నేర్చుకునే, మేం ఓజేటీ అనేదానికి 100. సగం మార్కులు చేతి పనికే. పైగా థియరీలో 50కి 18 వస్తే గట్టెక్కొచ్చు, ప్రాక్టికల్‌లో 25 రావాలి, ఓజేటీలో 100కి 50 రావాలి. ఆ కష్టమైన సగంలో మావాళ్లు ఒక్కరూ తప్పలేదు. తప్పినవాళ్లలో ఎక్కువమంది పోయింది ఇంగ్లిష్‌లో. సప్లిమెంటరీలో గట్టెక్కినవాళ్లు మార్చి శాతంలోకి రారు. పెద్ద కాలేజీలో 400 మందిలో ఇద్దరు తప్పితే ఎవరికీ తెలియదు. మా దగ్గర ఇద్దరు తప్పితే 11 శాతం పడిపోతుంది. ఆ మార్చిలో తప్పినవాళ్లలో ఒక పిల్లవాడు తండ్రికి యాక్సిడెంటై ఆసుపత్రిలో ఉండి పరీక్షకే రాలేదు. అది ఏ కాలమ్‌లోనూ కనబడదు.

రికార్డుల్లో అడ్మిషన్ రిజిస్టరు, హాజరు పట్టీ, టీచింగ్ డైరీ, వార్షిక ప్రణాళిక ఎప్పటికప్పుడు రాసుకునేవే కాబట్టి ఇబ్బంది లేదు. స్టాక్ రిజిస్టరే తలనొప్పి. ఏళ్ల క్రితం కొన్న మల్టీమీటర్లు, అమ్మీటర్లు కాగితం మీద ఇంకా బతికే ఉన్నాయి. కండెమ్ చేయాలంటే, అంటే పనికిరావని రిజిస్టరులోంచి తీసేయాలంటే, కమిటీ వేయాలి, అది ఎప్పటికీ పడదు. పాడైనవి స్టోర్ రూమ్‌లో పెట్టి తాళం వేయమని కొందరు సలహా ఇచ్చారు. నాకు మనసొప్పలేదు. అన్నీ బల్లల మీద పరిచి, పనిచేసేవి, రిపేరుకి ఇవ్వాల్సినవి, పనికిరానివి అని చీటీలు అంటించి, ప్రతి చీటీ మీద రిజిస్టరు పేజీ నంబరు రాశాను. కొత్తవి రావాలంటే పాతవి పోయాయని పై ఆఫీసుకి తెలియాలి కదా.

ఇంకో పని కూడా పెట్టుకున్నాను, ఇది ఎవరూ అడగలేదు. పాత బ్యాచ్‌ల పిల్లలకి వరుసగా ఫోన్లు చేశాను. ఒకడు సొంతంగా రివైండింగ్ షాపు, అంటే కాలిన మోటార్లకి కొత్తగా తీగ చుట్టే షాపు పెట్టుకున్నాడు. ఇద్దరు అప్రెంటిస్‌షిప్ చేస్తున్నారు. ఒకమ్మాయి ఒకేషనల్ వాళ్లు పై చదువులకి అదనంగా రాసే బ్రిడ్జ్ కోర్సు రాసి పాలిటెక్నిక్‌లో నేరుగా రెండో సంవత్సరంలో చేరింది. ఒకడు హైదరాబాద్‌లో లిఫ్టుల మెయింటెనెన్స్‌లో ఉన్నాడు. కొందరు పొలం పనుల్లోకి వెళ్లిపోయారు, కొందరి నంబర్లు పనిచేయలేదు. అన్నీ ఉన్నది ఉన్నట్టే రాసి ఫైల్లో పెట్టాను.

ఇన్‌స్పెక్షన్ రోజు అధికారి గారితో పాటు వేరే కాలేజీ సీనియర్ లెక్చరర్ ఒకరు వచ్చారు. వర్క్‌షాపులో ఒక మూలన ఊళ్లోని రివైండింగ్ షాపాయన మాకిచ్చిన కాలిపోయిన మోటార్లుంటాయి. కన్స్యూమబుల్స్‌కి, అంటే ప్రాక్టికల్స్‌లో వాడితే అయిపోయే సరుకుకి, డబ్బులు వేళకి రావు, ఆయన చలవతోనే మా ప్రాక్టికల్స్ నడుస్తున్నాయి. పాత కాయిల్ విప్పుతూ చుట్లు లెక్కపెట్టడం, స్లాట్లలో పేపర్ వేయడం పిల్లలు వాటి మీదే నేర్చుకుంటారు.

అధికారి గారు ఒక సింగిల్ ఫేజ్ మోటారు చూపించి, వెనక నిలబడ్డ పిల్లవాణ్ణి పిలిచి "దీని సంగతి చెప్పు బాబూ" అన్నారు. మోటార్లోంచి మూడు తీగలు వచ్చి ఉన్నాయి, ఏ గుర్తూ లేదు. వాడు మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టి రెండేసి తీగలకి పట్టి మూడు రీడింగులూ చాక్‌పీసుతో బల్ల మీద రాశాడు. "అన్నిటికన్నా ఎక్కువ చూపించిన ఈ రెండూ స్టార్టింగ్, రన్నింగ్ కొసలు సార్. మిగిలింది కామన్. కామన్ నుంచి తక్కువ చూపించేది రన్నింగ్, ఎక్కువ చూపించేది స్టార్టింగ్." తర్వాత ఎవరూ చెప్పకుండానే ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్ తెచ్చి ఒక క్లిప్పు తీగకి, ఇంకోటి బాడీకి పెట్టి హ్యాండిల్ తిప్పాడు. ముల్లు సున్నా దగ్గర నిలబడిపోయింది. "కనీసం ఒక మెగోమ్ ఉండాలి సార్. ఇది బాడీ షార్ట్. కరెంటిస్తే ముట్టుకున్నవాళ్లకి షాక్ కొడుతుంది." ఎక్కడ నేర్చుకున్నావంటే "ఓజేటీలో సార్, షాపులో" అన్నాడు.

అదే పిల్లవాడు తర్వాతి పీరియడ్‌లో సెలవు చీటీ ఇంగ్లిష్‌లో రాయమంటే రెండో లైను దగ్గర ఆగిపోయాడు. అధికారి గారు అదీ చూశారు.

సాయంత్రం మీటింగ్‌లో ఆయన అన్నది న్యాయమే. "పని బాగా వచ్చు మేడం, కానీ ఇంగ్లిష్ తప్పితే సర్టిఫికెట్ రాదు. సర్టిఫికెట్ లేకపోతే అప్రెంటిస్‌షిప్ రాదు." నేను కాదనలేదు. కానీ ఫార్మాట్‌లో పాస్ శాతం ఒక్కటే ఉంటే ఏది బాగుందో, ఏది బాగోలేదో ఎలా తెలుస్తుందని అడిగాను. ప్రాక్టికల్స్, ఓజేటీ మార్కులు విడిగా చూపించాలన్నాను. కాలమ్ లేదన్నారు. కాసేపు ఆలోచించి, నా ఫోన్ల జాబితా, మార్కుల పట్టిక రెండూ రిపోర్టు వెనక అనుబంధంగా పెట్టడానికి ఒప్పుకున్నారు.

రిపోర్టులో ఇంగ్లిష్ రెమిడియల్ క్లాసులు పెట్టమని, వర్క్‌షాపు ఎర్త్ పిట్ బాగుచేయించమని, కండెమ్నేషన్ కమిటీ వేయమని రాశారు. కమిటీ పడింది. పాత మీటర్లు పోయాయి, కొత్తవి ఇంకా రాలేదు. ఇంగ్లిష్ క్లాసులో మా లెక్చరర్ గారితో మాట్లాడి వ్యాసాలు పక్కనబెట్టించాను. మోటారు రిపేరు బిల్లు, కొటేషను, సెలవు చీటీ, అప్రెంటిస్‌షిప్ దరఖాస్తు రాయిస్తున్నారు. తెలిసిన సరుకు గురించి రాయమంటే మావాళ్ల పెన్ను కదులుతోంది.

ఇన్‌స్పెక్షన్ రాబోతున్న ఒకేషనల్ లెక్చరర్లకి నేను చెప్పేది ఒకటుంది. ఓజేటీ లాగ్‌బుక్‌లో ప్రతి వారం షాపు యజమాని సంతకం, ఏ పని చేయించారో ఒక్క లైను తప్పకుండా రాయించండి. మా దగ్గర అధికారి గారు ఎక్కువసేపు తిరగేసింది ఆ పుస్తకాలే.