ఫిజిక్స్ క్లాసులో ఓటింగ్ కార్డులు: నా అనుభవం

ఒడిశాలోని రాయగడ జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. క్లాసులో ఒడియా, తెలుగు, కుయి మాట్లాడే పిల్లలున్నారు, పాఠమేమో ఇంగ్లీషులో. "అర్థమైందా?" అంటే అందరూ తలూపుతారు. ఎవరికి ఎంత తలకెక్కిందో పేపర్లు దిద్దేదాకా తెలియదు.

అందుకే క్లిక్కర్లు కావాలనుకున్నాను. చిన్న రిమోట్‌లో పిల్లలు ఏ, బీ, సీ, డీల్లో ఒకటి నొక్కితే లాప్‌టాప్‌కు పెట్టిన రిసీవర్ దాన్ని అందుకుంటుంది, తెర మీద గ్రాఫ్ వస్తుంది. మనిషికో రిమోట్, వాటికి బ్యాటరీలు అంటే మా కాలేజీకి తలకు మించిన ఖర్చు. ఫోన్లతో చేయిద్దామంటే అందరికీ స్మార్ట్‌ఫోన్లు లేవు.

చివరికి ప్లికర్స్ అనే ఫోన్ యాప్‌తో వాడే కార్డులు ప్రింట్ తీయించాను. 40 కార్డుల సెట్టూ, 63 కార్డుల సెట్టూ ఉన్నాయి. ఒక్కో కార్డు మీద ఒక్కో రకం నల్లటి గుర్తు ఉంటుంది. తాము ఎంచుకున్న అక్షరం పైకి వచ్చేలా పిల్లలు కార్డు పట్టుకుంటే, నా ఫోన్ కెమెరా వరసగా చదివేస్తుంది. అక్షరాలు చాలా చిన్నవి కాబట్టి పక్కవాడిది చూసి రాయడం కుదరదు. మెరిసే లామినేషన్ వేయించకండి, వెలుతురు పడితే కెమెరా చదవలేదు. వేళ్లు గుర్తు మీదకు రాకూడదని కూడా మొదట్లో పదే పదే చెప్పాల్సి వచ్చింది.

కార్డులకన్నా ముఖ్యం ప్రశ్న. లిఫ్ట్ ఒకే వేగంతో పైకి వెళ్తోంది, కేబుల్ టెన్షన్ (అంటే కేబుల్ లిఫ్ట్‌ను లాగే బలం) లిఫ్ట్ బరువుకన్నా ఎక్కువా, సమానమా, తక్కువా? చాలామంది "ఎక్కువ" అన్నారు. జవాబు చెప్పకుండా, పక్కవాళ్లను ఒప్పించమన్నాను. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ 1990ల్లో ఫిజిక్స్ పాఠాలకు వాడిన పద్ధతి ఇది. సరైన జవాబు సుమారు 30 నుంచి 70 శాతం మంది చెప్పినప్పుడు చర్చ బాగా పండుతుందంటారు. అంతకన్నా తక్కువైతే పాఠం మళ్లీ చెప్పాలి.

ఆ చర్చ వినాలి! ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయి పక్కనున్న పిల్లకు కుయిలో వాదిస్తోంది. వెనక బెంచీలో తెలుగు, ఒడియా కలగలిపి "వేగం మారట్లేదు కదరా, మరి ఎక్కువ బలం దేనికి?" అంటున్నారు. రెండోసారి ఓటు వేయిస్తే "సమానం" వైపు చాలామంది తిరిగారు. నేను ఇంగ్లీషులో ఎంత చెప్పినా రాని స్పష్టత అది.

ఈ ఓట్లకు మార్కులు కలపమని స్టాఫ్ రూంలో ఒకరు సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. మార్కులంటే పిల్లలు టెన్షన్ పడి, తమకు తోచింది కాక తెలివైనవాడు చెప్పింది ఎంచుకుంటారు. ఇప్పుడు కరెంటు పాఠానికి ప్రశ్నలు రాస్తున్నాను. సిరీస్‌లో, అంటే ఒకే దారిలో ఒకదాని తర్వాత ఒకటిగా కలిపి ఉన్న రెండు ఒకేలాంటి బల్బుల్లో ఏది ఎక్కువ వెలుగుతుంది అనేది మొదటిది.